వాంగ్మూలానికీ కథకూ నడుమ: కుర్దు సామాన్యుల జీవిత కథనాలలో దైనందిన వివరం

ప్రస్తావన

కుర్దుల గురించి బయటి ప్రపంచానికి తెలిసినదానిలో అత్యధిక భాగం విపత్తుల ద్వారా తెలిసినదే. 1988 మార్చి 16న హలబ్జా పట్టణంపై జరిగిన రసాయన దాడి, అదే సంవత్సరం ఇరాక్ ప్రభుత్వం ‘అన్ఫాల్’ పేరుతో సాగించిన గ్రామ విధ్వంసం, 2014లో సింజార్ ప్రాంతపు యజీదీలపై ఇస్లామిక్ స్టేట్ జరిపిన దాడి - ఇటువంటి సందర్భాలలో మాత్రమే ఆ ప్రజల ముఖాలు పత్రికలకు ఎక్కాయి. సందర్భం గడిచిపోగానే ఆ ముఖాలూ కనుమరుగయ్యాయి. ఆ ముఖాల వెనుక పొద్దున్నే లేచి రొట్టె కాల్చిన చేతులు, మేకలను కొండకు తోలిన కాళ్లు, పెళ్లి ఖర్చు గురించి గొడవపడిన కుటుంబాలు ఉన్నాయన్న సంగతి వార్తకు అవసరం లేదు. సాహిత్యానికి మాత్రం ఆ సంగతే ప్రధానం.

వార్త అలవాటు చేసిన ఈ చూపు సాహిత్య పఠనంలోకి కూడా ప్రవేశించింది. కుర్దు రచన ఏది చేతికి వచ్చినా దాన్ని అణచివేతకు సాక్ష్యంగా, అంటే ఒక వాంగ్మూలంగా చదవడం పరిపాటి అయింది. వాంగ్మూలం విలువను తక్కువ చేయవలసిన పని లేదు. అయితే వాంగ్మూలానికి ఒక స్వభావం ఉంది. అది అడిగిన ప్రశ్నకు చెప్పిన జవాబు. ఏ రోజు, ఏ ఊరు, ఎంతమంది, ఎవరు తీసుకుపోయారు అన్నవి దానికి కావాలి. ఆ రోజుకు ముందు ఇంట్లో ఏమి జరుగుతుండేది, ఆ తరువాత ఇరవై ఏళ్లు మిగిలినవారు ఎట్లా బతికారు అన్నవి దాని పరిధిలోకి రావు. వాంగ్మూలం నష్టాన్ని రుజువు చేస్తుంది. పోయినది ఏమిటో చెప్పేది దైనందిన వివరం. రెండవది లేకపోతే మొదటిది అంకెగా మిగిలిపోతుంది. కుర్దు సామాన్యుల జీవిత కథనాలలో ఈ దైనందిన వివరం నేపథ్యం కాదని, అర్థానికి ఆధారమే అదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ ‘దైనందిన వివరం’ అన్నది వంట, పని, నడక, బేరం, పిలుపు, వరుస, వాడుక వస్తువు వంటి వాటికి వర్తించే మాట. పరిశీలనకు తీసుకున్నవి ఒక మౌఖిక సంప్రదాయం, ఒక నవల, అన్ఫాల్ అనంతర సేకరణలు, ఒక చలనచిత్రం, నిర్బంధంలో రాసిన రెండు గ్రంథాలు. ఇవన్నీ ఒకే ప్రక్రియకు చెందినవి కావు, ఒకే భాషలో ఉన్నవి కూడా కావు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత గీసిన సరిహద్దుల వల్ల కుర్దులు ప్రధానంగా టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియా దేశాల పౌరులయ్యారు. 1920 నాటి సెవ్ర్ ఒప్పందం ఇచ్చిన ఆశను 1923 నాటి లోజాన్ ఒప్పందం చెరిపేసింది. వారి భాషలో కుర్మాంజీ, సోరానీ ప్రధాన భేదాలు. టర్కీలో లాటిన్ లిపి, ఇరాక్, ఇరాన్‌లలో అరబిక్ ఆధారిత లిపి, సోవియట్ ఆర్మేనియాలో కొంతకాలం సిరిలిక్ లిపి వాడుకలో ఉన్నాయి. ఇన్ని లిపుల మధ్య చీలిన ప్రజల కథ ఒక ప్రక్రియలో ఇమడకపోవడం సహజం.

పరకాయ ప్రవేశం: దెంగ్‌బేజ్ గొంతు

కుర్మాంజీలో ‘దెంగ్’ అంటే గొంతు, ‘బేజ్’ అంటే చెప్పేవాడు. దెంగ్‌బేజ్ సాధారణంగా వాద్య సహకారం లేకుండా, ఒంటరి గొంతుతో ‘కిలామ్’ అనే కథాగేయాన్ని పాడతాడు. పందొమ్మిదవ శతాబ్దానికి చెందిన ఎవ్దాలె జేనికె ఈ సంప్రదాయంలో పురాణపురుషుని వంటి స్థానం పొందాడు. చలికాలపు రాత్రులు ఇళ్లలో కూడినప్పుడు తెగల మధ్య తగాదాలు, ప్రేమలు, పారిపోవడాలు, చావులు ఈ గొంతుల్లోనే తరం నుంచి తరానికి నడిచాయి.

కిలామ్ నిర్మాణంలో విమర్శకునికి ముఖ్యమైన అంశం ఉత్తమ పురుష. దెంగ్‌బేజ్ తన కథ చెప్పడు, అయినా ‘నేను’ అంటాడు. కొడుకును పోగొట్టుకున్న తల్లిగా, ఇష్టంలేని పెళ్లికి పంపబడిన పిల్లగా, తమ్ముని శవాన్ని వెతికే అక్కగా అతడు మాట్లాడతాడు. దీన్ని వర్ణించడానికి తెలుగులో ‘పరకాయ ప్రవేశం’ కన్నా తగిన మాట లేదు. కిలామ్ తరచుగా సంబోధనతో ఆరంభమవుతుంది. స్త్రీని పిలిచేటప్పుడు ‘లే’, పురుషుని పిలిచేటప్పుడు ‘లో’ అన్న అవ్యయాలు వాడతారు. తెలుగులో ‘ఏమే’, ‘ఏమిరా’ అన్న పిలుపులలో ఉన్నటువంటి లింగభేదమే ఇది. అంటే కథ మొదలయ్యేది ఘటనతో కాదు, ఒక మనిషి మరొక మనిషిని ఇంటి వరుసలో పిలవడంతో. వినేవారు మొదటి మాటలోనే ఒక ఇంటి గడపలో నిలబడతారు.

వెందెల్‌మూట్ హామెలింక్ 2016లో ప్రచురించిన ‘ది సంగ్ హోమ్’ గ్రంథం ఈ సంప్రదాయంపై విలువైన పరిశీలన. దెంగ్‌బేజ్‌ల పాటలలోని భూగోళం జాతీయోద్యమపు భూగోళం కాదని, ఊళ్లు, తెగలు, లోయలతో కూడిన స్థానిక భూగోళమని ఆ అధ్యయనం వల్ల బోధపడుతుంది. ఒక దేశపు పటాన్ని ఆశించి కిలామ్ వినేవారికి అందులో ఒక వాగు పేరు, ఒక కనుమ పేరు, ఒక తండ్రి పేరు వినిపిస్తాయి. దీన్ని రాజకీయ చైతన్య లోపంగా చదివినవారు లేకపోలేదు. నిజానికి ఇక్కడ స్థలమే జ్ఞాపకానికి గూడు. వాగు పేరు తీసేస్తే ఆ చావు ఎవరిదో తెలియదు.

ఈ గొంతులు ప్రయాణించిన మార్గం కూడా దైనందిన జీవితంలో భాగమే. 1955లో రేడియో ఎరెవాన్ కుర్దు ప్రసారాలు ప్రారంభించినప్పుడు సరిహద్దుకు ఇవతల టర్కీలోని గ్రామాలలో ఆ ప్రసారాలు వినడం ఒక అలవాటుగా మారింది. ఆ రేడియోలో పాడిన ప్రసిద్ధులలో కరాపెతె ఖాచో ఒకడు. అతడు 1915 మారణకాండలో అనాథ అయిన ఆర్మేనియన్. పాడింది కుర్దు భాషలో. 1983లో టర్కీ చేసిన 2932వ నంబరు చట్టం కుర్దు భాషలో ప్రచురణ, ప్రసారాలను నిషేధించడమే కాక, టర్కీ పౌరుల మాతృభాష టర్కిష్ అని శాసనపూర్వకంగా ప్రకటించింది. 1991లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఇంటి కూడికలలో రికార్డు చేసిన క్యాసెట్లు చేతులు మారుతూ తిరిగాయి. అమ్మ ఏ భాషలో జోల పాడిందో చట్టం నిర్ణయించిన చోట, జోలపాటకు రాజకీయం అంటలేదని చెప్పడం సాధ్యం కాదు. దైనందిన జీవితాన్ని చదవడం అంటే రాజకీయాలను పక్కకు పెట్టడమని వచ్చే ఆక్షేపణకు ఇదే తొలి సమాధానం.

అయితే పరకాయ ప్రవేశానికి మరొక ముఖం ఉంది. స్త్రీల దుఃఖాన్ని పాడిన ప్రసిద్ధులలో అధికులు పురుషులు. పరపురుషుల ఎదుట స్త్రీ గొంతెత్తడం మర్యాద కాదన్న కట్టుబాటు బలంగా ఉండేది. దియార్‌బకిర్‌లో పుట్టిన ఐషె షాన్ గాయని అయినందుకు సొంతవారి తిరస్కారాన్ని భరించి, ఊరికి దూరంగా బతికి, 1996లో ఇజ్మీర్‌లో మరణించింది. స్త్రీ శోకం పురుషుని గొంతులో కళ అయింది. అదే శోకం స్త్రీ గొంతులో అపకీర్తి అయింది. మార్లీన్ షేఫర్స్ 2022 నాటి ‘వాయిసెస్ దట్ మ్యాటర్’ గ్రంథంలో ఈ ప్రశ్నను ముందుకు తీసుకుపోయింది. గొంతు వినిపించడమే విముక్తి అన్న సులభ సూత్రాన్ని ఆమె ప్రశ్నించింది. పాడిన పాట ఎవరిది, రికార్డు చేసినవారిదా, పాడిన స్త్రీదా, ఆమె ఎవరి బాధను పాడిందో వారిదా అన్న వివాదాలు అక్కడి స్త్రీల జీవితాలలో నిజంగానే ఉన్నాయి. కనుక సామాన్యుల కథ అన్నప్పుడు ఆ కథ ఎవరి గొంతులో చేరింది అన్న ప్రశ్నను తప్పించుకోవడానికి వీలు లేదు.

కాపరి చెప్పిన కథ

గొంతు నుంచి పుటకు జరిగిన తొలి ప్రయాణాలలో ఎరెబ్ షెమో రచన ప్రధానమైనది. 1935లో వెలువడిన ‘షివానె కుర్మాంజా’, అంటే ‘కుర్దు కాపరి’, తొలి కుర్దు నవలగా పరిగణన పొందింది. షెమో 1897లో కార్స్ ప్రాంతపు యజీదీ కుటుంబంలో పుట్టాడు, చిన్ననాట గొర్రెలు కాశాడు. నవల రాయడానికి ముందు అతడు అక్షరమాలను సిద్ధం చేయవలసి వచ్చింది. 1929 నాటికి ఇసాక్ మారొగులొవ్‌తో కలిసి రూపొందించిన లాటిన్ ఆధారిత లిపి సోవియట్ కుర్దుల చదువుకు, 1930లో ప్రారంభమైన ‘రియా తేజె’ పత్రికకు ఆధారమైంది. భాష ఉంది, కథ ఉంది, వాటిని నిలుపుకొనే అక్షరమే కొత్తగా రావలసి వచ్చింది. సామాన్యుని జీవితం అచ్చులోకి రావడానికి ఎన్ని మెట్లు ఎక్కాలో ఈ ఒక్క విషయం చెబుతుంది.

ఈ గ్రంథం స్వీయ జీవితానికీ నవలకూ సరిహద్దులో ఉంది. పేద ఇంటి బాలుడు కాపరిగా బతకడం, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రష్యన్ల మధ్య పనిలో చేరడం, క్రమంగా బోల్షెవిక్ కావడం దీని కథాక్రమం. బాల్యాన్ని చిత్రించిన భాగాలలో దైనందిన వివరం పుష్కలం. మంద వెంట తిరిగే జీవితం, వేసవిలో ఎత్తైన పచ్చికబయళ్లకు తరలిపోవడం, తెగలోని పెద్దచిన్నల తారతమ్యం అక్కడ కథను నడిపిస్తాయి. కాపరి చూపు ఎత్తు నుంచి చూసే చూపు కాదు. అతడు తెగ పెద్దను గుడారం బయటి నుంచి చూస్తాడు. వర్గభేదం సిద్ధాంతంగా తెలియకముందే ఎవరి కంచంలో ఏమి ఉన్నదో అతనికి తెలుసు.

కథ ముందుకు సాగేకొద్దీ ఈ నేర్పు పలచబడుతుంది. చీకటి నుంచి వెలుగుకు అన్న సోవియట్ కథన నమూనా పైచేయి సాధిస్తుంది. ‘నేను’ మెల్లగా ‘మేము’గా, ఆ ‘మేము’ పార్టీగా మారుతుంది. ఇక్కడ కిలామ్‌తో పోలిక ఉపయోగపడుతుంది. దెంగ్‌బేజ్ ‘నేను’ అన్నప్పుడు మరొక మనిషి ప్రవేశిస్తుంది. షెమో ఉత్తరార్ధంలో ‘నేను’ అన్నప్పుడు ఒక చరిత్ర సూత్రం ప్రవేశిస్తుంది. మొదటిదానిలో వివరం పెరుగుతుంది, రెండవదానిలో తరుగుతుంది. ఈ పరిమితిని చెప్పడం షెమోను తగ్గించడం కాదు. 1937లో అతడు ప్రవాస శిక్షకు గురై 1956 దాకా సైబీరియాలో గడపవలసి వచ్చింది. వెలుగు వైపు నడిచిన కాపరి కథలో ఆ పంతొమ్మిది సంవత్సరాలకు చోటు లేదు. నమూనా ఎంత ఉదాత్తమైనదైనా మనిషి జీవితం దానిలో పూర్తిగా ఇమడదు. నేటి పాఠకునికి ‘కుర్దు కాపరి’లో నిలిచి ఉన్నది మందను తోలిన బాలుని అనుభవమే.

సమాధి నుంచి ఆల్బమ్‌కు

1988 ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు వరకు ఎనిమిది దశలలో అన్ఫాల్ సాగింది. మృతుల సంఖ్య కనీసం 50,000 అని, లక్ష దాకా ఉండవచ్చునని మానవ హక్కుల పరిశోధకులు అంచనా వేశారు. కుర్దు వర్గాలు 1,82,000 అంటాయి. మిడిల్ ఈస్ట్ వాచ్ సంస్థ 1993లో ప్రకటించిన నివేదిక బతికి బయటపడినవారి వాంగ్మూలాలను, తిరుగుబాటు కాలంలో చేజిక్కిన ఇరాక్ ప్రభుత్వ పత్రాలను కలిపి ఈ ఘోరాన్ని జాతిహత్యగా నిరూపించింది. ఆ నివేదిక లేకపోతే ఈ చరిత్రను కాదనడం ఎందరికో సులభమయ్యేది. కనుక వాంగ్మూలానికి ఉన్న చారిత్రక బలాన్ని ముందుగా గుర్తించాలి.

వాంగ్మూలం ఆగినచోట మరొక పని మొదలైందనడానికి ఛాయాచిత్రకారిణి సూసన్ మైసెలాస్ చేసిన కృషి ఉదాహరణ. 1991లో ఆమె ఉత్తర ఇరాక్‌కు వెళ్లింది సామూహిక సమాధుల తవ్వకాన్ని చిత్రించడానికి. ఎముకలు, బట్టల పీలికలు చిత్రించిన తరువాత ఆమె దృష్టి ఇళ్లలో దాచిన పాత ఫోటోల వైపు మళ్లింది. 1997లో వెలువడిన ‘కుర్దిస్తాన్: ఇన్ ది షాడో ఆఫ్ హిస్టరీ’ గ్రంథం కుటుంబ ఆల్బమ్‌లు, ఊరి స్టూడియోలలో తీసిన చిత్రాలు, మత ప్రచారకులు, వలస అధికారులు వదిలిపోయిన పత్రాలు, వ్యక్తుల జ్ఞాపకాలు పక్కపక్కనే చేర్చిన సంకలనం. జాతీయ గ్రంథభాండాగారం లేని ప్రజలకు ఇది ఒక ప్రత్యామ్నాయ భాండాగారమైంది.

ఈ మలుపులో విమర్శకు పనికివచ్చే సూత్రం ఉంది. సమాధి చిత్రం ‘వీరు చంపబడ్డారు’ అని చెబుతుంది. స్టూడియోలో కొత్త చొక్కా తొడుక్కొని, తల దువ్వుకొని, కెమెరా వైపు బిగుసుకొని చూసిన యువకుని చిత్రం ‘ఈయన ఇట్లా కనబడాలని కోరుకున్నాడు’ అని చెబుతుంది. మొదటి చిత్రంలో మనిషి ఇతరుల చర్యకు కర్మ. రెండవదానిలో అతడే కర్త. వ్యాకరణ పరిభాషలో చెప్పగల ఈ తేడాయే నైతికమైన తేడా కూడా.

చోమన్ హార్దీ 2011లో ప్రచురించిన అన్ఫాల్ స్త్రీల అధ్యయనం ఇదే తేడాను మాటలలో చూపింది. స్వయంగా కవయిత్రి అయిన హార్దీ బతికి మిగిలిన స్త్రీలతో మాట్లాడి, వారిని నల్లబట్టల శోకమూర్తులుగా మాత్రమే చూపే జాతీయ కథనాన్ని విమర్శించింది. ఆ స్త్రీలకు అన్ఫాల్ 1988లో ముగియలేదు. భర్త చనిపోయాడన్న నిర్ధారణ లేదు. శవం లేదు, సమాధి లేదు. విధవ అనుకోవాలో, భార్య అనుకోవాలో తెలియని స్థితిలో వారు కూలికి వెళ్లారు, పిల్లలను సాకారు, ఒంటరి స్త్రీపై ఊరు వేసే నిఘాను భరించారు. విపత్తు కొన్ని నెలలది. దాని అనంతర దినచర్య దశాబ్దాలది. స్మారక దినాన జరిగే ఉపన్యాసాలు ఆ కొన్ని నెలల గురించి మాట్లాడతాయి. ఆ స్త్రీలు మాట్లాడదలచుకున్నది దశాబ్దాల గురించి కూడా.

ఇటువంటి సేకరణలో సేకర్త చేయి ఎక్కడ పడుతుంది అన్నది తెలుగు పరిశోధకులకు పరిచితమైన ప్రశ్న. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలను గ్రంథస్థం చేసినప్పుడు, పోరాట చరిత్రలు విడిచిపెట్టిన ఇంటి సంగతులు, బిడ్డల సంగతులు, పోరాటం ముగిశాక తిరిగి వంటింటికి చేరిన బాధ చరిత్రలోకి వచ్చాయి. రెండు సందర్భాలకు సామ్యం చరిత్రలో లేదు, పద్ధతిలో ఉంది. అడిగే ప్రశ్న మారినప్పుడు కథ మారుతుంది. ‘ఏ దళంలో పనిచేశావు’ అని అడిగితే ఒక జవాబు, ‘ఎట్లా బతికావు’ అని అడిగితే మరొక జవాబు. అన్ఫాల్ స్త్రీల విషయంలో హార్దీ అడిగింది రెండవ ప్రశ్న.

నోటుపుస్తకం బరువు

చలనచిత్రం ఈ చర్చకు మరొక సాక్ష్యం అందిస్తుంది. ఇరాన్‌లోని బానె పట్టణంలో పుట్టిన బహ్మన్ గోబాదీ 2000 సంవత్సరంలో తీసిన ‘ఎ టైమ్ ఫర్ డ్రంకెన్ హార్సెస్’ ఆ ఏడు కాన్ ఉత్సవంలో తొలి చిత్రాలకిచ్చే కెమెరా దోర్ పురస్కారాన్ని మరొక చిత్రంతో కలిసి పొందింది. ఇరాన్, ఇరాక్ సరిహద్దులో దొంగరవాణా సరుకు మోసి బతికే అనాథ పిల్లల కథ ఇది. వీపుపై సరుకు మోసి కనుమలు దాటించేవారిని ఆ ప్రాంతంలో ‘కోల్‌బర్’ అంటారు. చలికి తట్టుకోవడానికి కంచరగాడిదలకు నీళ్లలో సారా కలిపి పట్టడం నుంచి చిత్రానికి ఆ పేరు వచ్చింది.

ఈ చిత్రంలో సరిహద్దు అంటే పటం మీది గీత కాదు, కూలి దొరికే చోటు. బడి నోటుపుస్తకాలు సైతం దొంగసరుకే. చదువుకునే చెల్లికి ఒక నోటుపుస్తకం కావాలి; దాన్ని కొనడానికి అన్న మోయవలసిన బరువు ఉంది. అంగవైకల్యంతో, జబ్బుతో ఉన్న సోదరుని శస్త్రచికిత్స కోసం అక్క పెళ్లికి ఒప్పుకుంటుంది; పెళ్లివారు ఆ పిల్లవాణ్ణి తీసుకుపోవడానికి నిరాకరించి బదులుగా ఒక కంచరగాడిదను ఇస్తారు. ఇక్కడ ప్రేమ, చదువు, వైద్యం, పెళ్లి అన్నీ ఒకే లెక్కలో కొలవబడతాయి. గోబాదీ ఈ లెక్కను వ్యాఖ్యానించడు. వస్తువు చేతులు మారడాన్ని చూపి ఊరుకుంటాడు. సరిహద్దు సమస్య మీద ఎన్ని వ్యాసాలు చదివినా బోధపడనిది, గాడిదకూ పెళ్లికూతురికీ జరిగిన ఆ మారకంలో బోధపడుతుంది. దైనందిన వివరం రాజకీయ ఆర్థిక శాస్త్రంగా పనిచేయడానికి ఇంతకన్నా స్పష్టమైన దృష్టాంతం దొరకడం కష్టం.

అరువు భాషలలో ఇంటి మాట

కుర్దు సామాన్యుల కథలలో గణనీయమైన భాగం కుర్దు భాషలో లేదు. సెలహత్తిన్ దెమిర్తాష్ 2016 నవంబరులో అరెస్టయి, ఎదిర్నె కారాగారంలో ఉండగా రాసిన ‘సెహెర్’ కథల సంపుటి 2017లో టర్కిష్ భాషలో వెలువడింది. రాజకీయ నాయకుడు జైలు నుంచి రాస్తే తన నిర్బంధాన్ని, తన ఉద్యమాన్ని రాస్తాడని పాఠకుడు ఆశిస్తాడు. ఈ సంపుటిలో అందుకు భిన్నంగా కార్మికురాలైన యువతి, ఇళ్లు శుభ్రం చేసే స్త్రీ, సముద్రంలో మునిగిన శరణార్థి బాలిక ప్రధాన పాత్రలు. శీర్షిక కథలో సెహెర్‌ను చంపేది రాజ్యం కాదు, పరువు పేరిట సొంత ఇల్లు. పనికి బయలుదేరి నిరసన ప్రదర్శన గందరగోళంలో చిక్కుకున్న పనిమనిషి కథ, రాజకీయం లేని మనిషి ఇంటికి రాజకీయం ఎట్లా వస్తుందో చూపుతుంది. కొన్ని కథలలో సందేశం పాత్రను మించి మాట్లాడుతుంది. అది రచనాపరమైన బలహీనతే. అయినా బాధితుడైన నాయకుడు తన బాధను వెనక్కు నెట్టి, తన సమాజంలోనే బాధపెట్టేవారి వైపు చూపు తిప్పడం ఈ సంపుటికి నైతిక బలం ఇచ్చింది. వాంగ్మూలంగా చదివితే రాజ్యంపై ఆరోపణ మాత్రమే దొరుకుతుంది. కథగా చదివితే ఇంటిపై ఆరోపణ కూడా దొరుకుతుంది.

ఇరాన్‌లోని ఈలామ్ ప్రాంతానికి చెందిన బెహ్రూజ్ బూచానీ ఆస్ట్రేలియాలో శరణు కోరి, 2013 నుంచి మానస్ ద్వీపంలో నిర్బంధింపబడ్డాడు. అక్కడ మొబైల్ ఫోనులో పర్షియన్ భాషలో సందేశాలుగా రాసి పంపిన భాగాలు ఒమిద్ తోఫీగియాన్ ఆంగ్లానువాదంలో 2018లో ‘నో ఫ్రెండ్ బట్ ది మౌంటెన్స్’ గ్రంథంగా వెలువడి, 2019లో విక్టోరియన్ సాహిత్య పురస్కారాన్ని పొందాయి. ఈ గ్రంథంలో హింస వరుస కట్టడంగా కనిపిస్తుంది: అన్నానికి వరుస, ఫోనుకు వరుస, మరుగుదొడ్డికి వరుస. మనిషిని విరిచేది కొరడా దెబ్బ కాదు, ఎండలో గంటల తరబడి నిలబెట్టే క్రమం. బూచానీ తోటి నిర్బంధితులను పేర్లతో కాక లక్షణాలను బట్టి పెట్టిన మారుపేర్లతో పిలుస్తాడు. అధికారులు వాడే అంకెకు బదులు, ఊరివాళ్లు పెట్టేటటువంటి పిలుపు. కిలామ్ ఆరంభంలోని సంబోధనకూ దీనికీ మధ్య ఎంత దూరం ఉన్నా, మనిషిని పిలవడమే కథకు మొదలన్న సూత్రం రెండింటిలో ఒకటే.

భాష విషయం ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించవలసినది. టర్కిష్‌లో, పర్షియన్‌లో రాసినది కుర్దు సాహిత్యమా అన్న వాదం కుర్దు మేధావుల మధ్య నడుస్తున్నదే. చదువు ఏ భాషలో దక్కిందో రాత ఆ భాషలో రావడం ఆ రచయితల ఎంపిక కన్నా చరిత్ర ఫలితం. ఇటువంటి రచనలలో ఇంటి భాష పదకోశంగా కనిపించదు. దినచర్యలో, బంధుత్వపు మర్యాదలో, కొండను తలచుకునే తీరులో కనిపిస్తుంది. అందువల్లనే దైనందిన వివరం మరింత కీలకం. భాష మారినా దాటివచ్చేది అదొక్కటే. అనువాదంలో ఛందస్సు పోతుంది, నుడికారం పోతుంది; రొట్టె కోసం నిలబడిన వరుస పోదు.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, కుర్దు సామాన్యుల కథనాలలో ‘నేను’ ఒంటరి వ్యక్తి కాదు. దెంగ్‌బేజ్ మరొకరి దుఃఖాన్ని తన గొంతుతో చెబుతాడు, షెమో తన బాల్యాన్ని పార్టీ నమూనాలో చెబుతాడు, బూచానీ మాట అనువాదకుని చేతి మీదుగా వస్తుంది. కనుక ఆత్మకథకు పాశ్చాత్య విమర్శ ఇచ్చిన ఏక కర్తృత్వ నిర్వచనం వీటికి సరిపోదు. గొంతు ఎవరిది, ‘నేను’ ఎవరిది, లాభం ఎవరిది అని విడివిడిగా అడగాలి.

రెండవది, దైనందిన వివరం దట్టంగా ఉన్నచోట సిద్ధాంత భారం తగ్గడం, సిద్ధాంతం పెరిగినచోట వివరం పలచబడడం ఈ రచనలలో పలుమార్లు కనిపించింది. ఇది సిద్ధాంతంపై నింద కాదు. ఎవరి కంచంలో ఏముందో చూసిన కాపరి బాలుడు వర్గాన్ని గురించి తక్కువ తెలిసినవాడేమీ కాదు.

మూడవది, వాంగ్మూలాన్నీ కథనూ పరస్పర విరుద్ధంగా చూడడం పొరపాటు. ఒకటి న్యాయస్థానానికి అవసరం, మరొకటి జ్ఞాపకానికి అవసరం. ప్రమాదం ఒకటి రెండవదాని స్థానాన్ని ఆక్రమించినప్పుడే. ఒక జాతిని దాని చావుల ద్వారా మాత్రమే తెలుసుకున్న పాఠకుడు, తెలియకుండానే, ఆ జాతి బతుకును రెండవసారి లేకుండా చేస్తాడు.

దియార్‌బకిర్‌లో 2007లో తెరిచిన దెంగ్‌బేజ్ భవనంలో వృద్ధ గాయకులు సందర్శకుల ముందు కూర్చొని పాడుతున్నారు. ఇది గుర్తింపే గాని, ఇంటి కూడిక ప్రదర్శనశాలకు మారడం కూడా. వలస పోయిన గ్రామాల నుంచి, నగరపు అపార్ట్‌మెంట్ల నుంచి, ఐరోపాలోని ప్రవాసుల ఇళ్ల నుంచి రాబోయే కథలు ఏ రూపం ధరిస్తాయో ఇప్పుడే నిర్ణయించనవసరం లేదు. వాటిని చదవడానికి సిద్ధపడే విమర్శ, ‘నీకు ఏమి జరిగింది’ అన్న ప్రశ్నతో పాటు ‘ఆ రోజు ఇంట్లో ఏమి వండారు’ అన్న ప్రశ్నను కూడా అంతే గౌరవంతో అడగగలగాలి.